పండిన గొంతు – పాత పాట

పాత పాటను పెద్ద వయసులో మళ్ళీ పాడిన గాయకులను గురించి మనవారు సాధారణంగా రెండు మాటలు అంటూ వుంటారు. “పాపం, గొంతు పోయింది” అనేది మొదటి మాట. “పేరున్నప్పుడే మానుకోరాదా, ఎందుకొచ్చిన తాపత్రయం” అనేది రెండవ మాట. మొదటి దానిలో జాలి వున్నది. రెండవ దానిలో హితవు వున్నది. రెండింటిలోనూ లేనిది వినడం ఒక్కటే. పాడినవారు ఏమి పాడినారో, మునుపు పాడిన దానికీ ఇప్పుడు పాడిన దానికీ భేదమేమిటో, ఆ భేదం లోపమో లాభమో విచారించే ఓపిక ఆ మాటలలో కానరాదు. ముప్పయి యేండ్లుగా కళాశాలలో తెలుగు పాఠం చెప్పుకొంటున్న నేను కూడ చిరకాలం ఆ రెండు మాటలే అంటూ వచ్చినాను. ఇప్పుడు అనలేకపోతున్నాను. ఎందుకు అనలేకపోతున్నానో ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ మనవి చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పి, ఆ పైన మన ఊళ్ళకు వస్తాను.

అమెరికాలో నల్లజాతివారి ప్రార్థన మందిరాలలో పుట్టిన కీర్తనల బాణీ, వారి శ్రమలో, దుఃఖంలో పుట్టిన బ్లూస్ బాణీ కలిసి 1950, 60 దశకాలలో ఒక గానశాఖ రూపొందినది. దానికి ‘సోల్’ సంగీతమని పేరు. సోల్ అంటే ఆత్మ. ఆ శాఖకు చెందిన గాయని బెట్టీ లవెట్. 1946లో జన్మించిన ఆమె 1962లో, పదహారేండ్ల ప్రాయంలో పాడిన మొదటి రికార్డే జనాదరణ పొందినది. పదేండ్ల తరువాత, 1972లో ఒక పెద్ద కంపెనీ కోసం పూర్తి ఆల్బం పాడి ముగించగా, కంపెనీవారు దానిని విడుదల చేయక మూల పడవేసినారు. 2000లో ఒక ఫ్రెంచి సంగ్రాహకుని పూనిక వల్ల గాని ఆ పాటలు వెలుగు చూడలేదు. నడుమ గడచినవి ఇరవై యెనిమిదేండ్లు! ఆ కాలంలో ఆమె గొంతు మూగపోలేదు. చిన్న చిన్న వేదికల మీద పాడుతూనే వున్నది. కాని లోకం వినలేదు.

2005లో, ఏభై తొమ్మిదేండ్ల వయసులో ఆమె మళ్ళీ నలుగురి దృష్టిలో పడినారు. అప్పుడు ఆమె పాడినవి తన కోసం వ్రాసిన కొత్త పాటలు కావు. వేరే రచయిత్రులు వ్రాయగా, వేరేవారు పాడగా లోకం ఎరిగిన పాటలనే ఎన్నుకొని తన తీరున పాడినారు. 2010లో ఆంగ్లేయుల రాక్ పాటలను, 2018లో బాబ్ డిలన్ పాటలను అట్లే పాడి ఆల్బములు వెలువరించినారు. పరుగెత్తే పాటను ఆమె నెమ్మదిగా నడిపిస్తుంది. ఎవరూ పట్టించుకోని ఒక మాట దగ్గర ఆగి, దానిని పైకెత్తి చూపుతుంది. గొంతులోని గరుకుతనాన్ని దాచదు. తనను గాయని అనడం కంటె పాటకు వ్యాఖ్యాత అనడమే ఆమెకు ఇష్టం.

ఈ వ్యాఖ్యాత అన్న మాటే నన్ను పట్టి నిలిపినది. మనకు వ్యాఖ్యాతలు కొత్తవారు కారు. కాళిదాసు కావ్యాలు చదివేవారికి మల్లినాథసూరి లేనిదే గడవదు. ఆ మల్లినాథుడు తెలుగువాడు. మూలంలో ఆధారం లేనిదేదీ వ్రాయననీ, అక్కరలేనిదేదీ చెప్పననీ ఆయన తనకు తాను నియమం పెట్టుకొన్నాడు. వ్యాఖ్య వల్ల శ్లోకంలో ఒక్క అక్షరమూ మారదు. ఐనా వ్యాఖ్య చదివిన తరువాత ఆ శ్లోకం మనకు మునుపటి శ్లోకంగా వుండదు. పండిన గాయకుడు పాత పాటకు చేసేది ఇదే పని. కాలమూ, అనుభవమూ అతని వ్యాఖ్యాన సామగ్రి.

*

ఇక మన ఊళ్ళకు వద్దాము.

ఒంగోలు సమీపంలోని దొడ్డవరంలో 1925లో పుట్టిన భానుమతిగారిని ఎరుగని తెలుగువారు లేరు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారే ఆమెకు సంగీతంలో తొలి గురువు. 1939లో ‘వరవిక్రయం’తో తెరకెక్కి, తన పాత్రల పాటలు తానే పాడుకొంటూ వచ్చిన నటి ఆమె. ‘స్వర్గసీమ’ (1945)లోని పావురం పాట, ‘మల్లీశ్వరి’ (1951)లోని పాటలు ఆ గొంతు యౌవనానికి సాక్ష్యాలు. మల్లీశ్వరి నాటికి ఆమెకు ఇరవై ఆరేండ్లు. ఆ గొంతు నీటి చెలమ వంటిది. అడుగు దాకా కనిపిస్తుంది.

తరువాతి దశకాలలో ఆమె రచయిత్రిగా, దర్శకురాలిగా, స్టూడియో నిర్వాహకురాలిగా అనేక పనులలో మునిగినారు. ‘అత్తగారి కథలు’ వ్రాసి తెలుగు హాస్యానికి ఒక కొత్త చూపునిచ్చినారు. 1984లో ‘మంగమ్మగారి మనవడు’ చిత్రంలో బామ్మ పాత్ర ధరించే నాటికి ఆమెకు అరవై యేండ్లు సమీపిస్తున్నవి. ఆ చిత్రంలో మామ కె. వి. మహదేవన్‌గారి సంగీతంలో, వాణీ జయరామ్‌గారితో కలిసి ఆమె పాడిన సూర్యనారాయణుని మేలుకొలుపు మారుమూల పల్లెలలో కూడ మారుమ్రోగినది.

ఆ మేలుకొలుపు ఎక్కడిది? తెలుగు లోగిళ్ళలో ఆడువారు తెల్లవారుజామున కళ్ళాపి చల్లుతూ తరతరాలుగా పాడుకొన్నది. ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకేవరకు సూర్యుని వన్నె ఏ పూలవలె మారుతుందో వరుసగా చెప్పే పాట అది. చిత్రంలో దాని పల్లవిని ఎత్తుకొని కథకు తగిన కొత్త మాటలు అల్లినారు. ఆ పాటను మల్లీశ్వరి నాటి గొంతుతో పాడివుంటే ఎట్లుండేది? తీయగా వుండేది, అందులో బామ్మ మాత్రం వుండేది కాదు. 1984 నాటి భానుమతిగారి గొంతులో కొంత బరువు చేరినది. కొసలు కొంచెం బిరుసెక్కినవి. ఆ బరువే మనవడిని నిద్ర లేపే బామ్మకు అధికారాన్ని ఇచ్చినది. ఆ బిరుసే పరిహాసానికి పదును పెట్టినది. వయసు ఆమె నుండి తీసుకొన్నది కొంత. చేతికి ఇచ్చి పోయినది మరికొంత. తీసుకొన్న దానినే లెక్కించి, ఇచ్చిన దానిని లెక్కించకపోవడం న్యాయమేనా?

మన మిరప రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చెట్టున వున్న పచ్చికాయకు నిగనిగ వున్నది, నీరున్నది, కరకర వున్నది. పండి, కోతకు వచ్చి, కల్లంలో ఎండలకు ఎండిన తరువాత ఆ నిగనిగ వుండదు. చర్మం ముడుత పడుతుంది. ఐనా గుంటూరు యార్డుకు బస్తాలకెత్తి తెచ్చేది ఎండిన కాయనే. దాని ఘాటు వేరు, నిలువ వేరు. పచ్చికాయ మంచిదా, పండుకాయ మంచిదా అని అడిగితే ఏ వంటకు అని ఎదురు ప్రశ్న వేస్తుంది మా ఇంటి ఇల్లాలు. పాట విషయంలో మాత్రం మనము ఆ ప్రశ్న వేయడం మరచినాము.

*

ఒకే గాయని తన వయసుతో పాటు పాటను మార్చుకోవడం ఒక తీరు. ఒకే పాట గొంతు నుండి గొంతుకు మారుతూ వయసు పెంచుకోవడం మరొక తీరు. దానికి బాపట్లే సాక్ష్యం.

1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రధారణలో అసమానుడు. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామగా ఆయన ‘మీరజాలగలడా’ అనే పాట పాడుతూ వుంటే ప్రేక్షకులు మళ్ళీ మళ్ళీ పాడించుకొనేవారు. ఆ పాట ఆయన స్వయంగా కూర్చుకొన్నదే. పాడిన ప్రతిసారీ కొత్త భావం చూపేవారని చూచినవారు చెప్పుకొన్నారు. ఆయన 1971లో గతించినారు. అప్పటికే, 1966 నాటి చిత్రంలో సత్యభామగా జమునగారు నటించగా, సుశీలగారు ఆ పాటను పాడినారు. మగవాడు ఆడుదానిగా పాడిన పాట ఆడుదాని గొంతులోనికి చేరినది. రంగస్థలం మీద ఒక మాటను పట్టుకొని ఎంతసేపైనా సాగదీయవచ్చును; సినిమా పాటకు గడియారం వున్నది. రెండింటిలోనూ సత్యభామ దర్పం వున్నది. ఐనా స్థానంవారి సత్య వేరు, సుశీలగారి సత్య వేరు. ఒకటి రెండవ దానిని చెరపలేదు సరికదా, రెండవది వచ్చినందువల్లనే మొదటిదాని పేరు నేటి పిల్లల దాకా వచ్చినది.

శాస్త్రీయ సంగీతంలో ఈ మార్పు సహజంగానే ఇమిడివున్నది. త్యాగరాజ కృతి ఒక్కటే, పాఠాంతరాలు ఎన్నో, సంగతులు ఎవరి సాధన కొలదివి వారివి. ఒంగోలు ప్రక్కనే వున్న కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు నాదస్వర విద్వాంసుల ఇంటివారు. ఇక్కడ పేరు గడించిన తరువాత కూడ తంజావూరు బాణీ మీది మోజుతో తమిళదేశం వెళ్ళి మళ్ళీ శిష్యరికం చేసినారు. చివరకు శ్రీరంగంలో స్థిరపడినారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చినది. తెలిసిన కృతినే మళ్ళీ మొదటినుండి నేర్చుకోవడం ఎంత సాహసమో ఆలోచించండి. తెలియనిది నేర్చుకోవడం సులభం. తెలిసిన దానిని విడిచిపెట్టి మళ్ళీ పట్టుకోవడం కష్టం.

గుంటూరు జిల్లా పొన్నెకల్లువాడైన షేక్ నాజర్‌గారి సంగతి మరీ చెప్పదగినది. 1920లో పుట్టిన ఆయన బుర్రకథకు కొత్త ప్రాణం పోసినారు. పల్నాటి యుద్ధం ఆయనకు ముందు ఎందరో చెప్పిన కథ. బాలచంద్రుడు చస్తాడని వినేవారందరికీ ముందే తెలుసు. తెలిసి కూడ కన్నీరు పెట్టినారంటే ఆ మహిమ కథలో ఎంత వున్నదో కథకునిలోనూ అంత వున్నది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది; 1997లో గతించినారు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. పింజారి అంటే దూదేకులవాడు. తక్కువ చూపుతో లోకం పిలిచిన పిలుపునే తన పుస్తకానికి శిరోనామంగా పెట్టుకొన్న ఆత్మగౌరవం ఆయనది.

దూది ఏకడం మన పత్తి సీమలో పుట్టినవారికి పరిచయమైన పనే. వాడగా వాడగా పరుపులోని దూది గడ్డకట్టి, రాయివలె ఐనప్పుడు, నా చిన్నతనంలో దూదేకులవాడు వింటి వంటి పనిముట్టు భుజాన వేసుకొని వీధిలో పిలుచుకొంటూ వచ్చేవాడు. పరుపు విప్పి, ఆ పాత దూదినే నారి దెబ్బలతో విడదీసి, గాలి ఆడేటట్లు చేసి మళ్ళీ కుట్టేవాడు. సాయంకాలానికి పరుపు రెట్టింపు ఎత్తుకు లేచేది. ఒక్క గింజెడు కొత్త పత్తి అందులో చేరలేదు. విని విని గడ్డకట్టిన పాటను మంచి గాయకుడు ఇట్లే ఏకుతాడు. దాని సరుకు దానిదే, ఊపిరి కొత్తది.

*

ఇంత చెప్పిన తరువాత ఎదుటి పక్షం వాదం కూడ వినిపించడం ధర్మం.

ఎక్కడ ఆపవలెనో తెలియడం కూడ కళలో భాగమే అనేవారున్నారు. వారి మాట తీసివేయదగినది కాదు. 1938లో రేపల్లె ప్రాంతంలో జన్మించి, 1957 నుండి దక్షిణాది భాషలన్నింటిలోనూ వేలకొలది పాటలు పాడిన ఎస్. జానకిగారు 2016లో ఇక పాడనని ప్రకటించినారు. 2017 అక్టోబరులో మైసూరు సభలో పాడి శ్రోతల వద్ద సెలవు తీసుకొన్నారు. పసిపిల్ల గొంతు మొదలు ముసలమ్మ గొంతు దాకా యౌవనంలోనే పలికించగలిగిన గాయని, తన గొంతు విషయంలో తానే తీర్పరి కావడం ఎంతో హుందాగా వున్నది. ఐనా 2018లో ఒక తమిళ చిత్రం కోసం ఆమె మళ్ళీ పాడక తప్పలేదు. మానుకొనే హక్కు ఎంత గాయకునిదో, మళ్ళీ మొదలుపెట్టే హక్కూ అంత గాయకునిదే. ఈ రెండింటిలో ఏదీ శ్రోత ఇచ్చేది కాదు. శ్రోతకున్నది వినే బాధ్యత.

ఇంకొక వాదం వున్నది. పాత పాటకు కొత్త హంగు చేర్చి, మ్రోతలు పెంచి, చరణాలు తెగగొట్టి వదలే వ్యాపారం ఈనాడు జోరుగా సాగుతున్నది. దానినీ వ్యాఖ్యానమే అనవలెనా? అనవలసిన పని లేదు. ఏది వ్యాఖ్యానమో, ఏది వ్యాపారమో తేల్చడానికి నాకు మూడు గుర్తులు తోచినవి. మొదటిది: పాడేవాడు మూలాన్ని క్షుణ్ణంగా ఎరిగి వుండవలెను, ఎరుగక మార్చినది మార్పు కాదు, తప్పు. రెండవది: మార్చిన చోట అర్థం హెచ్చవలెను, మాట వినబడకుండ పోతే ఆ మార్పు వ్యర్థం. మూడవది: విన్న తరువాత మూలాన్ని మళ్ళీ వినవలెనని బుద్ధి పుట్టవలెను. ఈ మూడు గుర్తులూ పెట్టి చూస్తే పెద్ద పేరున్న వారి పునర్గానాలలో కూడ కొన్ని నిలువవు. అది ఒప్పుకొంటాను. ఏ వయసువారు పాడినా పేలవమైన పాట పేలవమైనదే.

సాహిత్య విద్యార్థులకు ఈ గుర్తులు మరొక చోట కనిపిస్తవి. నన్నయభట్టు అరణ్యపర్వంలో ఆపిన చోటు నుండి ఎఱ్ఱన అందుకొన్నాడు. ఎఱ్ఱన అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానకవి, మన సీమవాడు. నన్నయకు మూడు శతాబ్దాల తరువాతివాడు. అప్పటికి తిక్కన మిగిలిన భారతమంతా వ్రాసి వున్నాడు. ఎఱ్ఱన నన్నయ శైలితో మొదలుపెట్టి, క్రమక్రమంగా తిక్కన శైలివైపు జరిగినాడని విమర్శకులు చెప్పుతారు. రచనను కూడ తన పేర కాక, నన్నయ కావ్యం అందుకొన్న రాజరాజ నరేంద్రునికే అంకితం చేసినట్లు నడిపినాడు. ఇంత వినయం ఎఱ్ఱన చేతకానితనమా? హరివంశమూ, నృసింహపురాణమూ చదివినవారు ఆ మాట అనలేరు. మూలం ముందు తలవంచిన వానికే మూలాన్ని ముందుకు నడిపే చేవ వుంటుంది. రామాయణ కల్పవృక్షం ఆరంభంలోనే విశ్వనాథ సత్యనారాయణగారు మళ్ళీ రామాయణమెందుకన్న ప్రశ్నను తామే లేవనెత్తి, సమాధానం చెప్పుకొన్నారు. తెలుగు కావ్యచరిత్రలో సగం, తెలిసిన కథను మళ్ళీ చెప్పిన చరిత్ర. ఆ చరిత్రను పాఠంగా చెప్పే మనము, తెలిసిన పాటను మళ్ళీ పాడినవారి మీద ముఖం చిట్లించడం వింతగా లేదా?

ఆ చిట్లింపుకు కారణం రికార్డు అని నా అభిప్రాయం. గ్రామఫోను రాకముందు పాటకు ఒకే రూపం వుండేది కాదు. ఒక ప్రక్కకు సుమారు మూడు నిమిషాలు పట్టే ఆ నల్లని పలక పాటను కాపాడినది. అదే సమయంలో బంధించినది. ఏదో ఒకనాడు, ఏదో ఒక గదిలో, ఏదో ఒక విధంగా పాడినది శాశ్వతమై కూర్చున్నది. తరువాత పాడినవారు, స్వయంగా ఆ గాయకులే ఐనా సరే, దానితో పోల్చి చూడబడే ముద్దాయిలైనారు. రికార్డు మీద నాకు కృతజ్ఞత లేకపోలేదు. అది లేకపోతే దొడ్డవరం భానుమతిగారి ఇరవై ఆరేండ్ల గొంతు నా విద్యార్థులకు దక్కేది కాదు. ఐతే అది ఒకనాటి ఛాయాచిత్రమని మరచి, అదే మనిషి అనుకోవడం వద్దంటాను.

*

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. నేను చేసిన ఒక తప్పు వల్ల తెలిసినది.

చాల యేండ్ల క్రితం పాఠశాల విద్యార్థుల పాటల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచినారు. పిల్లలు ఒకరి తరువాత ఒకరు రికార్డులో విన్నది విన్నట్లుగా, గాయకుడు ఊపిరి తీసిన చోటనే ఊపిరి తీస్తూ పాడినారు. వారి మధ్య, పత్తి తీసే కూలి కుటుంబం నుండి వచ్చిన ఎనిమిదో తరగతి బాలిక ఒకతె అందరికీ తెలిసిన మేలుకొలుపు పాటే పాడినది. వరుస మాత్రం వేరు. సాగదీయవలసిన చోట త్రుంచినది. త్రుంచవలసిన చోట సాగదీసినది. చివర ఒక కూనిరాగం, దానికి రికార్డులో చోటే లేదు. నేను కాగితం మీద “వరుస తప్పినది” అని వ్రాసి తక్కువ మార్కులు వేసినాను. బహుమతులన్నీ అనుకరణకు పోయినవి. అప్పుడు నాకు మనస్సులో ఏ కలతా లేదు.

ఆ మాఘమాసంలో బంధువుల పొలానికి వెళ్ళినాను. కల్లంలో మిరపకాయలు ఆరబోసి వున్నవి. ఆడువారు వరుసగా కూర్చుండి తాలుకాయలు ఏరుతున్నారు. వారిలో ఒక ముసలమ్మ పాట ఎత్తుకొన్నది. ఆ వరుసే! అదే త్రుంపు, అదే సాగదీత, చివర అదే కూనిరాగం. ఆ త్రుంపు దగ్గర అందరి చేతులూ కుప్పలోనికి పోతున్నవి. సాగదీసిన చోట ఏరిన కాయలు ప్రక్కకు పడుతున్నవి. కూనిరాగం, ఒకరి నుండి ఒకరు పాట అందుకొనే జాగా. పని చేయనివానికి ఆ వరుస తప్పు. చేసేవారికి అదే సరియైన లెక్క. ఏ రికార్డు కంటెనూ వెనుకటిదై వుండవచ్చునా వరుస. నేను దానికి మార్కులు తగ్గించినాను.

ఆ బాలికను గురించి ఆమె పాఠశాల ఉపాధ్యాయుని అడిగినాను. “ఆ పోటీ తరువాత మళ్ళీ పాడమంటే పాడలేదండీ. తనకు పాట రాదంటుంది” అన్నాడు ఆయన. ఆయన గొంతులో నింద లేదు. వుండివుంటే నాకు కొంత తేలికగా వుండేది. ఆ పిల్లకు పాట రాదని చెప్పినది నేను. అంతకంటె, ఆ పిల్ల అమ్మమ్మకు కూడ పాట రాదని చెప్పినవాడిని. ఆ కాగితాన్ని వెనుకకు తీసుకొనే ఉపాయం నాకు ఈనాటికీ దొరకలేదు.

అందువల్లనే ఉపాధ్యాయ మిత్రులకు ఈ మనవి. పాటల పోటీలలో శ్రుతికి, లయకు, ఉచ్చారణకు మార్కులు వేయండి. వాటితోపాటు, పాడినవారు పాటను తమదిగా ఎంత చేసుకొన్నారో దానికీ కొన్ని మార్కులు కేటాయించండి. వరుస వేరుగా వినిపించినప్పుడు తప్పు అని వ్రాసే ముందు, “ఈ వరుస ఎవరి దగ్గర నేర్చినావమ్మా?” అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు అరనిమిషం కూడ పట్టదు.

తెలుగు తరగతిలో ఒకే పాటను రెండు గొంతులలో వినిపించండి. ‘మల్లీశ్వరి’ నాటి భానుమతిగారిని, ‘మంగమ్మగారి మనవడు’ నాటి భానుమతిగారిని ఒకరి వెంట ఒకరుగా వినిపించి, ఏది బాగున్నదని అడుగక, ఏది ఏమి చెప్పుతున్నదని అడగండి. పిల్లలు మనకంటె నిజాయితీగా వింటారు. పద్యపఠనంలో కూడ అంతే. ఒకే పద్యాన్ని ముగ్గురు పిల్లల చేత మూడు విధాల చదివించి, ఏ చోట ఆగితే ఏ అర్థం పైకి వచ్చినదో చర్చించండి. వ్యాకరణ పాఠంలో ఎంత చెప్పినా పట్టుబడని అన్వయం ఆ చర్చలో పట్టుబడుతుంది.

విద్యార్థులకు ఒక చిన్న పని. ఈ సెలవులలో మీ అమ్మమ్మను గాని, నాయనమ్మను గాని, వీధిలోని ఏ పెద్దామెను గాని ఒక పాట అడిగి పాడించుకోండి. “నా గొంతు పోయింది నాయనా” అంటుంది; అన్న తరువాతనే పాడుతుంది. చేతిలోని ఫోనులో దానిని పట్టి, ఏ ఊరు, ఏ పనివేళ పాట, ఎవరి వద్ద నేర్చినది అన్న మూడు సంగతులు వ్రాసి పెట్టుకోండి. అంతటితో ఆగక, మీరు నేర్చుకోండి. మీ గొంతుతో పాడండి. మీరు పాడినది ఆమె పాడినట్లుగా వుండదు; వుండనక్కరలేదు. ఆమె కూడ తన తల్లి పాడినట్లుగా పాడలేదు.

పెద్ద వయసు గాయకులు మళ్ళీ పాడినప్పుడు మనము అడగవలసిన ప్రశ్న గొంతు ఎంత మిగిలినదని కాదు. బ్రతుకు ఎంత చేరినదని. ఆ ప్రశ్న వేయడం నేర్చిన శ్రోత దొడ్డవరం గాయనినీ, దూరదేశపు బెట్టీ లవెట్‌నూ, మిరప కల్లంలోని పేరు తెలియని ముసలమ్మనూ ఒకే చెవితో వినగలుగుతాడు. నాకు ఆ చెవి ఆలస్యంగా వచ్చినది. మీ విద్యార్థులకు అంత ఆలస్యం కాకుండ చూడండి.